గినీ పిగ్ బ్లాడర్‌లో స్లడ్జ్, ఇసుక: ఇంట్లో ఏం చేయాలి, వెట్ దగ్గర ఏం అడగాలి

గినీ పిగ్ మూత్రం ఆరిపోయాక టైల్ మీద తెల్లటి పొడి మిగిలిందని వెంటనే టెన్షన్ పడకండి. మన ఒంట్లో పేగులు కావాల్సినంత కాల్షియమే తీసుకుంటాయి, మిగతాది మలంలో పోతుంది. గినీ పిగ్, కుందేలు అలా కాదు. తిన్నదాంట్లో చాలా కాల్షియం రక్తంలోకి వెళ్లిపోతుంది, అక్కర్లేనిదాన్ని కిడ్నీలు మూత్రంలోకి తోసేస్తాయి. పైగా వీటి మూత్రం పీహెచ్ మామూలుగానే 8, 9 మధ్య ఉంటుంది, ఆ క్షారగుణంలో కాల్షియం కార్బొనేట్ కరగదు, సన్నటి స్ఫటికాలుగా విడిపోతుంది. కాబట్టి మూత్రం కాస్త తెల్లగా, మబ్బుగా ఉండటం జబ్బు కాదు.

ఆ స్ఫటికాలు బయటికి పోకుండా బ్లాడర్ (మూత్రాశయం) అడుగున పేరుకుపోతేనే సమస్య మొదలవుతుంది. సున్నం కలిపిన నీళ్లు కదపకుండా ఉంచితే పైన తేట తేలి కింద ముద్ద దిగినట్టే, లోపల కూడా దిగుతుంది. దాన్నే స్లడ్జ్ అంటారు. అది గోడల్ని రాపిడి పెట్టి మంట, వాపు తెస్తుంది, కొన్నింటిలో గట్టిపడి రాయి అవుతుంది. స్లడ్జ్ అనగానే అందరూ కాల్షియం తగ్గించడం గురించే మాట్లాడతారు. అది సగం పనే. మిగతా సగం బ్లాడర్ గుండా నీళ్లు ఎక్కువగా పారేలా చూడటం, జంతువుని కదిలించడం.

ముందు, ఉన్నది స్లడ్జేనా చూసుకోండి

ఒక నల్ల గుడ్డ, ఒక తెల్ల గుడ్డ తీసుకోండి, పాత చున్నీ, పాత బనియన్ ఏదైనా సరే. గినీ పిగ్‌ని కాసేపు నల్లదాని మీద, కాసేపు తెల్లదాని మీద వదలండి. నల్ల గుడ్డ మీద మూత్రం ఆరాక మిగిలినదాన్ని రెండు వేళ్ల మధ్య రుద్దండి. ముఖానికి రాసుకునే పౌడర్‌లా మెత్తగా ఉంటే సాధారణం. గరగరలాడుతూ ఇసుక తగిలితే, లేదా తడిగా ఉన్నప్పుడే చిక్కటి పేస్టులా ముద్దగా పడితే అది స్లడ్జ్. తెల్ల గుడ్డ రక్తం కోసం. ఇంకో విషయం, మామూలుగా తెల్లగా పోసే జంతువు ఉన్నట్టుండి కొన్ని రోజులు తేటగా పోస్తోందంటే బాగుపడిందని సంబరపడకండి. కాల్షియం బయటికి రాకుండా లోపలే ఆగిపోయి ఉండొచ్చు.

ఎర్రగా కనిపించిన ప్రతిదీ రక్తం కాదు. బీట్‌రూట్ పెడితే ఎర్రగా వస్తుంది. మామూలు మూత్రం కూడా గాలి తగిలి ఆరేకొద్దీ నారింజ, ఇటుక రంగులోకి మారుతుంది. అనుమానం ఉంటే తాజా మరక మీద మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చుక్కలు వేయండి (గుడ్డ మీదే, జంతువు మీద కాదు). నురగ వస్తే రక్తం ఉండే అవకాశం ఉంది. రెట్టలు అంటుకున్న చోట కూడా పొంగుతుంది కాబట్టి శుభ్రమైన మరక చూసుకోండి. ఆడదానికైతే రక్తం గర్భాశయం నుంచి కూడా రావచ్చు, అది వేరే కథ, ఆ మాట వెట్‌కి (పశువుల డాక్టర్‌కి) ముందే చెప్పండి.

రెండు కలిసి ఉంటుంటే ఎవరి మూత్రమో తెలీదు. మధ్యలో జాలీ పెట్టి కొన్ని గంటలు విడదీయండి. ఒకదాన్నొకటి చూసుకునేలా, వాసన తగిలేలా ఉండాలి, పూర్తిగా దూరం చేస్తే బెంగతో తిండి మానేస్తాయి.

మూత్రం పోసేటప్పుడు లేదా రెట్ట వేసేటప్పుడు కీచుమనడం, వీపు వంచి ముడుచుకుని కూర్చోవడం, కొద్దికొద్దిగా మాటిమాటికీ పోయడం, వెనకభాగం ఎప్పుడూ తడిగా వాసన రావడం, పళ్లు కొరకడం, ఇష్టమైన క్యాప్సికం పెట్టినా ముందుకు రాకపోవడం లాంటివి కూడా గమనించండి. గినీ పిగ్ నొప్పిని దాచుకునే జంతువు. పైకి తెలిసేసరికి లోపల చాలా నడిచి ఉంటుంది.

ఆగకుండా బయల్దేరాల్సిన పరిస్థితి

మూత్రం అసలు రావట్లేదు, ముక్కుతోంది కానీ చుక్క పడట్లేదు, పొట్ట గట్టిగా ఉబ్బింది అంటే ఇక్కడితో చదవడం ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. మగవాటిలో మూత్రనాళం సన్నం, చిన్న రాయి అయినా అడ్డం పడుతుంది. ఇలాంటప్పుడు సిరంజితో బలవంతంగా నీళ్లు పట్టొద్దు, పోయే దారి లేనప్పుడు లోపలికి పంపితే ప్రమాదం. పొట్ట నొక్కి మూత్రం తెప్పించే ప్రయత్నం అసలే వద్దు, లోపల రాయి ఉంటే బ్లాడర్ చిట్లిపోతుంది. ఆ నొక్కడం వెట్‌లు చేస్తారు నిజమే, కానీ దారి ఖాళీగా ఉందని ఎక్స్‌రేలో చూసుకున్నాక చేస్తారు.

పన్నెండు గంటలుగా ఏమీ తినలేదన్నా అదే అర్జెంటు. గినీ పిగ్ పేగులు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, ఆగిపోతే బ్లాడర్ కన్నా ముందు అదే ప్రాణం తీస్తుంది.

వెట్ దగ్గర

కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే డాక్టర్లే మన దగ్గర ఎక్కువ. ఫోన్‌లోనే "గినీ పిగ్ చూస్తారా, ఎక్స్‌రే ఉందా" అని అడిగి వెళ్లండి. హైదరాబాద్‌లో చిన్న జంతువులు చూసే క్లినిక్‌లు కొన్ని ఉన్నాయి. అవి అందుబాటులో లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి, వాటి ఆసుపత్రులకి ఫోన్ చేసి కనుక్కోండి. ఈ పని జబ్బు వచ్చాక కాదు, ఇప్పుడే చేసి నంబర్ సేవ్ చేసి పెట్టుకోండి.

దారిలో పంజరంలో గడ్డి, ఒక కీరా ముక్క ఉండనివ్వండి. జతగాడు ఉంటే వాడినీ తీసుకెళ్లండి.

అడగాల్సినవాటిలో మొదటిది ఎక్స్‌రే. కాల్షియం కాబట్టి రాయైనా స్లడ్జైనా ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. ఒక్క కోణంలో కాదు, పక్కనుంచి ఒకటి, వెల్లకిలా ఒకటి తీయమనండి, రాయి బ్లాడర్‌లో ఉందా, మూత్రనాళంలోకి జారిందా అన్నది అలాగే తెలుస్తుంది. అల్ట్రాసౌండ్ ఉంటే ఇంకా మంచిది. రెండోది మూత్ర పరీక్ష, వీలైతే కల్చర్ (అందులో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష). రిపోర్టులో "కాల్షియం కార్బొనేట్ క్రిస్టల్స్ ఉన్నాయి, పీహెచ్ 8.5" అని రాసి ఉంటే కంగారు పడకండి, అది దాని సహజ స్థితి. చూడాల్సింది రక్తం, చీముకణాలు, బ్యాక్టీరియా ఉన్నాయా అన్నది.

ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్ రాస్తారు. ఇక్కడ మాత్రం ఎంత పెద్ద డాక్టర్ అయినా మీరు నోరు తెరిచి అడగండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, చెడ్డవి పెరిగి, ఆ విషంతో జంతువు చనిపోతుంది. క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. ఇంట్లో పిల్లలకి వాడగా మిగిలిన సిరప్‌లో చుక్క వేద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తీసేయండి. వీటికి సాధారణంగా ఎన్రోఫ్లాక్సాసిన్, లేదా ట్రైమెథోప్రిమ్-సల్ఫా వాడతారు. డోసు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి.

నొప్పికి మెలాక్సికామ్ రాయడం మామూలే. నొప్పి మందు దండగ అనుకుని మానేయకండి. నొప్పి ఉంటే తినదు, తాగదు, కదలదు, ఈ మూడూ ఆగితే స్లడ్జ్ ఇంకా పేరుకుంటుంది. మన పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రం వద్దు.

స్లడ్జ్ బాగా చిక్కగా ఉంటే మత్తిచ్చి, గొట్టం వేసి సెలైన్‌తో బ్లాడర్ కడుగుతారు. ఆడవాటిలో ఇది సులువు, చిన్న రాళ్లు కూడా కొన్నిసార్లు వాటంతటవే బయటికి వస్తాయి. పెద్ద రాయైతే ఆపరేషన్ తప్పదు, గినీ పిగ్‌లో ఈ రాళ్లని కరిగించే తిండి అంటూ ఏదీ లేదు. ఆపరేషన్ ముందు రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచమంటే ఒకసారి మళ్లీ అడగండి. గినీ పిగ్‌లు వాంతి చేసుకోలేవు, కుక్కకి చెప్పినట్టు రాత్రంతా పస్తు పెడితే పేగులు ఆగిపోతాయి.

గడ్డి లెక్క

ఇక ఇంటి పని. కిలో బరువున్న గినీ పిగ్ రోజుకి సుమారు 50 గ్రాముల ఎండుగడ్డి తింటుందనుకుందాం. టిమోతీ గడ్డిలో కాల్షియం దగ్గరదగ్గర అర శాతం, అంటే రోజుకి 250 మిల్లీగ్రాములు. అదే లూసర్న్ అయితే 1.4 శాతం దాకా ఉంటుంది, అంటే 700 మిల్లీగ్రాములు. ఒక్క గడ్డి మారిస్తేనే ఇంత తేడా. ప్యాకెట్ల మీద ఆల్ఫాల్ఫా అని రాసి ఉన్నది, మన పాడి రైతులు పెంచే లూసర్న్ రెండూ ఒకటే. ఆరు నెలల లోపు పిల్లలకి, కడుపుతో ఉన్నవాటికి అది మంచి తిండే, పెద్దవాటికి రోజూ పెట్టేది కాదు.

పెల్లెట్ల ప్యాకెట్ తిప్పి చూడండి. షాపుల్లో దొరికే కుందేలు పెల్లెట్లు చాలావరకు లూసర్న్‌తో చేసినవే, వాటిలో విటమిన్ సి కూడా ఉండదు. స్లడ్జ్ ఉన్నదానికి టిమోతీతో చేసినవి రోజుకి ఒక టేబుల్ స్పూన్ చాలు, గడ్డి బాగా తింటూ బరువు నిలబడితే డాక్టర్‌ని అడిగి పూర్తిగా ఆపేయొచ్చు. పంజరానికి వేలాడదీసే మినరల్ రాయి, ఉప్పు చక్రం, పెరుగు చుక్కలు అని అమ్మే రంగురంగుల బిళ్లలు ఏవైనా ఉంటే ఈ రోజే పారేయండి.

టిమోతీ మన దగ్గర పండేది కాదు, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కొంత భారం తగ్గించుకోవడానికి పచ్చి గరిక పనికొస్తుంది. రోడ్డు పక్కది, కుక్కలు తిరిగే చోటిది, మందు కొట్టిన పార్కులోది కాకుండా శుభ్రమైన చోట కోసి, కడిగి పెట్టండి. పచ్చిగడ్డిలో నీళ్లే ఎక్కువ కాబట్టి అదో లాభం. అలవాటు లేని జంతువుకి ఒకేసారి గంపెడు వేయకుండా కొద్దికొద్దిగా పెంచాలి. పశువులకి వేసే నేపియర్ గడ్డిలో ఆక్సలేట్ (కాల్షియంతో కలిసి ఇంకో రకం రాయి కట్టే పదార్థం) ఎక్కువ, దాన్నే ముఖ్యమైన మేతగా పెట్టొద్దు. వరిగడ్డి పరుపుకి సరే, తిండికి సత్తువ లేనిది.

కూరలు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూస్తే మన ఆకుకూరల సంగతి తెలుస్తుంది. కరివేపాకులో 100 గ్రాములకి 600 మిల్లీగ్రాముల పైనే కాల్షియం, మునగాకులో 300 పైన, తోటకూర కూడా ఆ దరిదాపుల్లోనే. మనుషులకి బలం అని చెప్పేవన్నీ ఇక్కడ పక్కన పెట్టాల్సినవే. మెంతికూర, పుదీనా ఎప్పుడైనా ఒక రెమ్మ. పాలకూర, చుక్కకూర, బచ్చలి వేరే కారణంతో వద్దు, వాటిలో ఆక్సలేట్ ఎక్కువ. అవిసె ఆకు జోలికే వెళ్లకండి.

రోజూ పెట్టదగ్గవి కీరా, క్యాప్సికం, లెట్యూస్. ఇవన్నీ కాల్షియం తక్కువ, నీరు ఎక్కువ. కొత్తిమీర మధ్యస్థం, మనవాళ్లు కట్టలు కట్టలు పెడుతుంటారు, స్లడ్జ్ ఉన్నదానికి రోజు విడిచి రోజు నాలుగు కాడలు చాలు. క్యారెట్ తీపి, వారానికి ఒక ముక్క.

అలాగని కాల్షియం సున్నా చేయాలని చూడకండి. ఎముకలకి, పళ్లకి అది కావాలి, పైగా తిండిలో కాల్షియం మరీ తగ్గితే పేగులు ఆక్సలేట్‌ని ఎక్కువగా లాగుతాయి, అది ఇంకో రకం రాయికి దారి. మామూలు గడ్డి, మామూలు కూరలు, అతి లేకుండా, అంతే.

విటమిన్ సి గినీ పిగ్ ఒంట్లో తయారవదు, మనలాగే. రోజుకి కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బుగా ఉన్నప్పుడు ఇంకాస్త. పాతిక గ్రాముల క్యాప్సికం ముక్కతో దాదాపు సరిపోతుంది. మనం చప్పరించే 500 మిల్లీగ్రాముల మాత్ర ముక్కలు చేసి రోజూ పెట్టేవాళ్లున్నారు. పావు ముక్క అయినా 125 మిల్లీగ్రాములు, పైగా చక్కెర, అతిగా వెళ్లిన విటమిన్ సి ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. నీళ్ల సీసాలో కలిపే చుక్కలు కూడా దండగ, వెలుతురుకి పాడైపోతుంది, రుచి మారి అసలు తాగడం తగ్గిస్తుంది.

నీళ్లు

"మాది బోరు నీళ్లండీ, అందుకే రాళ్లు" అనేవాళ్లు చాలామంది. లెక్క చూద్దాం. లీటరుకి 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న బాగా ఉప్పు నీళ్లే అనుకోండి, అదంతా కాల్షియం వల్లే అనుకున్నా లీటరుకి 200 మిల్లీగ్రాములు. మన గినీ పిగ్ తాగేది రోజుకి 100 మిల్లీలీటర్లు, అంటే 20 మిల్లీగ్రాములు. లూసర్న్ గడ్డి మానకుండా నీళ్ల ఫిల్టర్ మార్చితే ఒరిగేది లేదు. అయినా ఇంట్లో ఫిల్టర్ నీళ్లు ఉంటే అవే పోయండి, రుచి బాగుంటే ఎక్కువ తాగుతుంది. ఎంత తాగుతుందన్నదే ఇక్కడ అసలు విషయం.

రెండు సీసాలు రెండు చోట్ల పెట్టండి, రోజూ గొట్టం చివర గోళీ వేలితో తిప్పి చూడండి, అది ఇరుక్కుపోయి సీసా నిండుగా ఉందని మనం మురిసిపోయే సందర్భాలు ఎక్కువ. బరువైన పింగాణీ గిన్నెలో కూడా పెట్టండి, కొన్ని గిన్నెలోదే ఇష్టంగా తాగుతాయి. కూరలు కడిగాక దులపకుండా, నీళ్లు కారుతుండగానే వేయండి. విజయవాడ మే ఎండల్లో బాల్కనీ సీసాలో నీళ్లు వేడెక్కిపోతాయి, వాటిని ముట్టదు. జంతువుని లోపల చల్లటి గదిలోకి మార్చి, పూటకోసారి నీళ్లు మార్చండి.

డాక్టర్ చెబితే సిరంజితో పట్టడం ఎలాగంటే: సూది తీసేసిన 1 మిల్లీలీటర్ సిరంజి తీసుకోండి. జంతువుని టవల్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ముందు పళ్ల వెనక ఖాళీలో, పక్కనుంచి పెట్టి, చుక్క చుక్కగా వదలండి, మింగాక ఇంకో చుక్క. వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మరీ ఎండిపోయి ఉంటే చర్మం కింద సెలైన్ ఎక్కించడం వెట్ చేస్తారు, చాలా రోజులు అవసరమైతే ఇంట్లో చేయడం మీకే నేర్పిస్తారు.

కదలిక

రెండడుగుల పంజరంలో రోజంతా ఒకే మూల కూర్చునే లావు గినీ పిగ్‌లో స్లడ్జ్ దిగక ఏమవుతుంది? తిరిగితే బ్లాడర్‌లో ఉన్నది కదులుతుంది, మూత్రంతో పాటు కొంత బయటికి వస్తుంది. ఒకటి రెండింటికి కనీసం ఏడెనిమిది చదరపు అడుగుల చోటు ఉండాలి. దాంతోపాటు రోజూ గది తలుపు వేసి నేల మీద వదలండి. టైల్స్ మీద జారుతుంటే పాత దుప్పటి పరవండి, గడ్డి ఒక మూల, నీళ్లు ఇంకో మూల, కూరలు సోఫా కింద పెడితే వెతుక్కుంటూ తిరుగుతుంది.

వెనకభాగం తడిగా ఉంటుంటే గోరువెచ్చటి నీళ్లతో ఆ చోటు మాత్రం కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వానాకాలంలో దీన్ని వాయిదా వేయకండి, ఈగలు వాలి పురుగులు పడితే ఒక్క రోజులో పరిస్థితి చేయిదాటుతుంది.

ఇంటి వైద్యాలు

కొండపిండి ఆకు, ఉలవకట్టు, అరటిదూట రసం, పల్లేరు కషాయం... మనుషుల కిడ్నీ రాళ్లకి మన ఇళ్లలో చెప్పే చిట్కాలన్నీ ఎవరో ఒకరు గినీ పిగ్‌కీ చెబుతారు. మనుషుల్లో ఎక్కువగా వచ్చేవి ఆక్సలేట్ రాళ్లు, దీనివి కార్బొనేట్. దీని ఒళ్లు వేరు, పేగులు వేరు. పట్టొద్దు. వెనిగర్, క్రాన్‌బెర్రీ రసంతో మూత్రాన్ని ఆమ్లంగా మార్చాలని చూడటం కూడా అంతే, గడ్డి తినే జంతువు మూత్రం అలా మారదు, చక్కెర మాత్రం పేగుల్ని చెడగొడుతుంది. పొటాషియం సిట్రేట్‌ని కొందరు వెట్‌లు రాస్తారు, సిట్రేట్ కాల్షియాన్ని పట్టుకుంటుందన్న ఆలోచనతో. కొందరు దాన్ని నమ్మరు. రాస్తే వాడండి, మీ అంతట మీరు మొదలెట్టకండి.

తర్వాత చూసుకోవాల్సినవి

వంటింటి డిజిటల్ త్రాసు మీద, అదే గిన్నెలో కూర్చోబెట్టి, వారానికోసారి బరువు రాసి పెట్టండి, జబ్బుగా ఉన్నప్పుడు రోజూ. పెద్దది మామూలుగా 700 నుంచి 1200 గ్రాములు ఉంటుంది. దాని బరువులో పదో వంతు తగ్గిందంటే, అంటే కిలో జంతువు 900కి వచ్చిందంటే, మిగతా లక్షణాలేవీ లేకపోయినా చూపించాలి. తినడం తగ్గి, మూత్రం మాత్రం వస్తుంటే నానబెట్టి మెత్తగా చేసిన టిమోతీ పెల్లెట్లు, దొరికితే క్రిటికల్ కేర్ పొడి (జబ్బుపడ్డ గడ్డి తినే జంతువులకి నీళ్లలో కలిపి పట్టే తిండి), రోజంతా కొద్దికొద్దిగా సిరంజితో పెట్టండి.

బ్లాడర్ కడిగించాక మొదటి రెండు మూడు రోజులు మూత్రంలో లేత ఎరుపు, కాస్త ఇసుక కనిపించవచ్చు. అది రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతుంటే, లేదా మళ్లీ కీచుమంటుంటే తిరిగి వెళ్లండి. అంతా బాగుందనిపించినా నాలుగైదు వారాలకి మరో ఎక్స్‌రే తీయించండి, పైకి హుషారుగా ఉన్నదానికే లోపల సగం నిండి ఉండటం ఈ జబ్బులో మామూలే. మొదటి ఎక్స్‌రే ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది.